‘టెంపరరీ’ అని పేరు పెట్టిన ఫైర్‌వాల్ రూల్‌కి ఏడేళ్లు

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాను. మాది పలాస నుంచి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊరు. నేను వెళ్లిన రెండు రోజుల ముందే రోడ్డు పనుల్లో బ్రాడ్‌బ్యాండ్ కేబుల్ తెగిపోయింది. దాంతో బాబాయ్ తన ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో డెస్క్‌టాప్‌కి తగిలించి టెథరింగ్ మీద నెట్ వాడుతున్నాడు. రోజుకి 2 జీబీ ప్యాక్. పొద్దున్న పదికల్లా అయిపోతోంది.

“ఏట్రా అబ్బాయ్, నువ్వొచ్చిన కాణ్నించి నెట్టు నిలవట్లేదు. రాత్రంతా ఏటి చూస్తన్నావు?”

అనుమానం నా మీదకి వచ్చింది. నిజం చెప్పాలంటే నేను ఆ ఫోన్ ముట్టుకోలేదు. కానీ వెతుక్కుంటూ వెళ్లేసరికి, డేటా విషయంలో కాకపోయినా, అంతకంటే పెద్ద విషయంలో దొంగని నేనే అని తేలింది. ఈ ఆర్టికల్ దాని గురించే. మీ ఇంట్లో ‘కంప్యూటర్ తెలిసినోడు’ మీరే అయితే చివరిదాకా చదవండి.

ముందు పేరు కనుక్కోండి, తర్వాతే బ్లాక్ చేయండి

కంప్యూటర్ తనంతట తను డేటా పంపిస్తోందంటే అందరికీ మొదట వచ్చే మాట ‘వైరస్’. రెండో మాట ‘ఫార్మాట్ కొట్టెయ్’. రెండూ తొందరపాటే. ప్రతి ట్రాఫిక్ వెనకా ఒక ప్రోగ్రామ్ ఉంటుంది. ఆ పేరు తెలిసేదాకా ఏమీ ముట్టుకోకూడదు.

విండోస్‌లో దీనికి బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ దగ్గర డేటా యూసేజ్ చూస్తే ఏ యాప్ ఎంత వాడిందో తెలుస్తుంది. ఇప్పుడు, ఈ నిమిషంలో ఎవరు వాడుతున్నారో కావాలంటే రిసోర్స్ మానిటర్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్లాలి. ఏ ప్రాసెస్, ఏ అడ్రస్‌తో, సెకనుకి ఎన్ని బైట్లు పంపుతోంది, ఎన్ని తీసుకుంటోంది అన్నీ వరసగా ఉంటాయి. కమాండ్ లైన్ ఇష్టమైతే నెట్‌స్టాట్ ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, దాని పక్కన హైఫన్‌తో ఏ, బీ, ఎన్, ఓ అక్షరాలు కలిపి ఇస్తే ప్రతి కనెక్షన్‌కీ దాని ప్రోగ్రామ్ పేరు, ప్రాసెస్ నంబర్ చూపిస్తుంది.

మా ఇంట్లో పైన కనిపించిన పేరు ఎస్‌వీసీహోస్ట్. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. ఎస్‌వీసీహోస్ట్ అనేది ఒక ప్రోగ్రామ్ కంటే ఒక బస్సు లాంటిది. విండోస్ సర్వీసులు చాలావరకు అందులో ఎక్కి తిరుగుతాయి. బస్సు నంబర్ తెలిస్తే సరిపోదు, లోపల కూర్చున్నది ఎవరో చూడాలి. టాస్క్ మేనేజర్‌లో సర్వీస్ హోస్ట్ అన్న వరస తెరిస్తే ఆ పేరు కనిపిస్తుంది. నాకు కనిపించింది డెలివరీ ఆప్టిమైజేషన్.

విండోస్ అప్‌డేట్లని తెచ్చే సర్వీస్ ఇది. ఒకసారి తెచ్చిన అప్‌డేట్ ముక్కల్ని పక్క కంప్యూటర్లకి పంచగలదు కూడా. ఇంట్లో నాలుగు కంప్యూటర్లుంటే ఇది మంచి పనే, నాలుగుసార్లు డౌన్‌లోడ్ తప్పుతుంది. ఇంట్లో కంప్యూటర్లతో మాత్రమే పంచుకోమనవచ్చు, లేదా ఇంటర్నెట్‌లో ఎవరితోనైనా పంచుకోమనవచ్చు. బాబాయ్ కంప్యూటర్‌లో రెండోది పెట్టి ఉంది. యాక్టివిటీ మానిటర్ చూస్తే ఆ నెలలో ఎంత తెచ్చింది, ఎంత పంచింది లెక్కంతా ఉంది.

మరి ఫోన్ డేటా మీద అంత పెద్ద అప్‌డేట్ ఎందుకు లాగింది? ఫోన్‌ని యూఎస్‌బీతో తగిలిస్తే విండోస్‌కి అది ఈథర్‌నెట్ కేబుల్ లాగే కనిపిస్తుంది. ఈథర్‌నెట్ అంటే అపరిమితం అనుకుంటుంది. ‘ఇది మీటర్డ్ కనెక్షన్’ అని మనం చెప్తేనే దానికి తెలుస్తుంది. ఎవరూ చెప్పలేదు. అది దాని పని అది చేసుకుపోయింది.

నేను చేసిన మొదటి తప్పు

ఇంత తెలిశాక ఆ మీటర్డ్ బటన్ ఆన్ చేస్తే రెండు నిమిషాల పని. నేనేం చేశాను? సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని కదా, అంత చిన్న పరిష్కారం నచ్చలేదు. అడ్వాన్స్‌డ్ ఫైర్‌వాల్ విండో తెరిచి ఎస్‌వీసీహోస్ట్‌కి అవుట్‌బౌండ్ బ్లాక్ రూల్ రాసేశాను.

డేటా ఖర్చు ఆగింది. దాంతోపాటు వెబ్‌సైట్లూ ఆగాయి. ఎందుకంటే సైట్ పేరుని అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్ క్లయింట్ కూడా ఆ బస్సులోనే ఉంటుంది. బస్సునే ఆపేస్తే అందరూ రోడ్డున పడ్డారు.

“నెట్టు తొందరగా అయిపోతందిరా అంటే, అసలు నెట్టే లేకుండా చేసీసేవు కదరా” అన్నాడు బాబాయ్. సమాధానం లేదు. రూల్ తీసేసి, కనెక్షన్‌ని మీటర్డ్‌గా పెట్టి, పంచుకోవడం ఆపేశాను. ఆ మర్నాటి నుంచి ప్యాక్ రాత్రిదాకా వచ్చింది. అత్యవసరమైన అప్‌డేట్లు మీటర్డ్‌లో కూడా కొన్ని వస్తాయి. అవి రావాలి కూడా.

ఇక్కడితో అయిపోతే ఇది ఒక చిన్న టిప్. కానీ ఆ బ్లాక్ రూల్ రాయడానికి ఫైర్‌వాల్ విండో తెరిచినప్పుడు ఒకటి కళ్లబడింది. ప్రైవేట్, పబ్లిక్ రెండు ప్రొఫైల్స్‌లోనూ ఫైర్‌వాల్ ఆఫ్‌లో ఉంది. నా రూల్ పనిచేయాలంటే ముందు దాన్ని ఆన్ చేయాల్సి వచ్చింది. సరే, లోపల ఇంకేముందో చూద్దామని ఇన్‌బౌండ్ రూల్స్ తెరిస్తే పైన ఒక పేరు: టెంపరరీ. ప్రోగ్రామ్: ఏదైనా. పోర్ట్: ఏదైనా. ఎక్కడినుంచి: ఎక్కడినుంచైనా. చర్య: అనుమతించు.

ఆ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తప్పు. ఆ తప్పు నాది. చూడగానే గుర్తుపట్టాను.

2018 అక్టోబర్

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అప్పుడు నేను టెక్కలిలో బీటెక్ మూడో ఏడు. కరెంటు వచ్చాక ఇంటికి వెళ్తే, బాబాయ్ పాత కంప్యూటర్ ఆఖరి దశలో ఉంది. విండోస్ ఎక్స్‌పీ. ఏ రైతు దగ్గర ఎన్ని బస్తాల జీడిపిక్కలు తీసుకున్నాడు, ఎవరికి ఎంత బాకీ, అన్ని లెక్కలూ అందులోనే. తోట పోయిన వాళ్లకి ఆ పాత బాకీయే అప్పుడు చేతికొచ్చే డబ్బు. లెక్కలు కొత్త డెస్క్‌టాప్‌లోకి వెంటనే రావాలి.

మొదట ఒక ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోగ్రామ్ వేశాను. కొత్త ప్రోగ్రామ్ బయటినుంచి కనెక్షన్లు తీసుకోబోతే విండోస్ ఒక పాపప్ వేస్తుంది, అనుమతించాలా అని. అది వచ్చినప్పుడు నేను పాత కంప్యూటర్ దగ్గర ఉన్నాను. కొత్తదాని ముందు కూర్చున్న బాబాయ్ భయపడి క్యాన్సిల్ నొక్కాడు.

మనలో చాలామందికి తెలియని విషయం ఇది. ఆ పాపప్‌లో క్యాన్సిల్ కొడితే విండోస్ ఊరుకోదు. ఆ ప్రోగ్రామ్ పేరు మీద బ్లాక్ రూల్స్ రాసి పెడుతుంది, సాధారణంగా టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి. విండోస్ ఫైర్‌వాల్‌లో బ్లాక్‌కీ అలౌకీ గొడవొస్తే గెలిచేది బ్లాక్. ఏది ముందు రాశాం, ఏది తర్వాత రాశాం అన్నదానితో పని లేదు.

నాకిది అప్పుడు తెలీదు. అలౌ రూల్ రాశాను, పనిచేయలేదు. పోర్ట్ తీసేసి ఇంకా వెడల్పుగా రాశాను, పనిచేయలేదు. చివరికి అన్నిటికీ ద్వారాలు తెరిచే ‘టెంపరరీ’ రూల్ రాశాను. అదీ పనిచేయలేదు, కనిపించని ఆ బ్లాక్ రూల్ అక్కడే ఉంది కాబట్టి. ‘ఈ ఫైర్‌వాల్ దరిద్రం’ అనుకుని మొత్తం ఆపేశాను. ఆ ప్రోగ్రామ్‌ని కూడా వదిలేసి మామూలు ఫోల్డర్ షేరింగ్‌కి దిగాను. ఎక్స్‌పీతో మాట్లాడాలంటే పాత ఎస్‌ఎమ్‌బీ వెర్షన్ 1 కావాలి. విండోస్ 10లో 2017 చివర్లో వచ్చిన వెర్షన్ నుంచి కొత్త ఇన్‌స్టలేషన్లలో అది లేకుండా వస్తోంది. దాన్నీ ఆన్ చేశాను. ఫోల్డర్‌కి ‘ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్’ ఇచ్చాను. ఫైల్స్ వచ్చేశాయి. బాబాయ్ సంతోషించాడు. పిన్ని పులస దొరికినంత సంబరపడింది. నేను టెక్కలి బస్సెక్కేశాను.

వెనక్కి తిరిగి ఒక్కటి కూడా మూయలేదు. టాస్క్‌బార్‌లో ఎర్ర గుర్తు ఏడేళ్లుగా కనిపిస్తూనే ఉంది. అబ్బాయి పెట్టిందే కదా, అది అలాగే ఉండాలేమో అని బాబాయ్ వదిలేశాడు.

మన జిల్లా పేరు కూడా ఉన్న ఒక వార్త

‘ఇంటి కంప్యూటర్‌లోకి ఎవడొస్తాడు?’ అని నన్ను నేను సమర్థించుకునే అవకాశం కూడా లేదు. అంతకు ఏడాదిన్నర ముందే, 2017 మే 12న, వనాక్రై వచ్చింది. ఎస్‌ఎమ్‌బీ వెర్షన్ 1లో ఉన్న లోపాన్ని పట్టుకుని, 445 పోర్ట్ తెరిచి ఉన్న కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి అదే పాకింది. ఎవరూ లింక్ నొక్కక్కర్లేదు, అటాచ్‌మెంట్ తెరవక్కర్లేదు. ఫైల్స్ తాళం వేసి 300 డాలర్ల బిట్‌కాయిన్ అడిగింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దానికి చిక్కాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లకి తగిలింది. అప్పుడు వార్తల్లో వచ్చిన జిల్లాల పేర్లలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నంతో పాటు శ్రీకాకుళం కూడా ఉంది.

ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. అంటే రెండు నెలల ముందే. తగిలింది ఎక్కువగా ఆ ప్యాచ్ వేసుకోని వాళ్లకి.

దీని మీద నేను కాలేజీలో సెమినార్ ఇచ్చాను. స్లైడ్‌లో ‘445 పోర్ట్ మూసి ఉంచండి, ఎస్‌ఎమ్‌బీ వెర్షన్ 1 తీసేయండి’ అని రాసి చప్పట్లు కొట్టించుకున్నాను. తర్వాత ఇంటికెళ్లి ఆ రెండూ తెరిచి వచ్చాను.

కొత్త డెస్క్‌టాప్‌కి ఆ ప్యాచ్ ఉంది కదా అనొచ్చు. ఉంది. కానీ 2020 మార్చిలో ఎస్‌ఎమ్‌బీ కొత్త వెర్షన్‌లోనే ఇంకో పెద్ద లోపం బయటపడింది, ఈసారి విండోస్ 10లోనే. ద్వారం అదే 445. లోపాలు మారుతుంటాయి. ఫైర్‌వాల్ చేసే మేలు ఏంటంటే, రేపు బయటపడబోయే లోపం దగ్గరికి కూడా బయటివాణ్ణి రానివ్వదు. ప్యాచ్ వచ్చేదాకా మనకి టైమ్ ఇస్తుంది.

‘రూటర్ వెనకే కదా, నాట్ ఉంటుంది కదా’ అనేది ఇంకో వాదన. ఐపీవీ4లో అది కొంతవరకు నిజం. కానీ ఐపీవీ6 వాడకంలో మన దేశం ప్రపంచంలో ముందు వరసలో ఉంది, ముఖ్యంగా మొబైల్ నెట్‌వర్క్‌లలో. ఐపీవీ6 ఉన్న ఫోన్‌తో టెథర్ చేసిన కంప్యూటర్‌కి సొంతంగా ఒక పబ్లిక్ అడ్రస్ దొరకొచ్చు. అప్పుడు మధ్యలో నాట్ అనే గోడ ఉండదు. నెట్‌వర్క్ కంపెనీ వడకట్టొచ్చు, వడకట్టకపోవచ్చు. దాని మీద ఆధారపడి ఇంటి తలుపు తీసి పడుకోలేం కదా.

బాబాయ్ కంప్యూటర్‌కి ఏమైంది? ఏమీ కాలేదు. ఫుల్ స్కాన్ చేశాను, శుభ్రంగా ఉంది. షేర్ ఫోల్డర్‌లో తెలియని ఫైల్ ఒక్కటీ లేదు. కానీ ఏడేళ్ల లెక్కలకి వేరే చోట కాపీ లేదు. బ్యాకప్ అని ఉన్న ఫోల్డర్ అదే డిస్క్‌లో ఉంది. అది చూశాక నాకు కాసేపు మాట రాలేదు. మన జాగ్రత్త వల్ల తప్పించుకోవడం వేరు, ఎవడూ రాకపోవడం వల్ల తప్పించుకోవడం వేరు.

రూల్‌కి ఎక్స్‌పైరీ లేదు

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇంటి కంప్యూటర్ల సమస్య ఫైర్‌వాల్ బాగోకపోవడం కాదు. విండోస్‌తో వచ్చేది ఇంటికి సరిపోతుంది. బయటినుంచి వచ్చేదాన్ని, రూల్ లేకపోతే, ఆపడం దాని మొదటి పద్ధతి. సమస్య మనం. సెలవులకి వచ్చి, ఒక పని అవ్వడానికి నాలుగు తలుపులు తీసి, హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లిపోయే మనం. రూల్‌కి గడువు తేదీ పెట్టే బటన్ ఆ విండోలో లేదు. రాసినవాడు మర్చిపోతే అది శాశ్వతం. ఇంట్లో మిగిలినవాళ్లకి అది ఏంటో తెలీదు, తీయడానికి భయం.

ఇంకో కొత్త ఫైర్‌వాల్ యాప్ వేసుకోమని కొందరంటారు. ఏ ప్రోగ్రామ్ బయటికి ఎవరితో మాట్లాడుతోందో చూపించే టూల్స్ ఉపయోగమే, నేనూ నా ల్యాప్‌టాప్‌లో వాడతాను. కానీ ప్రతిదానికీ పాపప్ వేసే యాప్‌ని పిన్ని ముందు పెడితే ఏమవుతుంది? మొదటి రోజు ఫోన్ చేసి అడుగుతుంది. రెండో రోజు నుంచి అన్నిటికీ అలౌ కొట్టేస్తుంది. ఆవిడ తప్పేం లేదు.

అలాగే లాగ్ చూసి కంగారు పడొద్దు. కేబుల్ బాగయ్యాక నేను ఫైర్‌వాల్ లాగింగ్ ఆన్ చేశాను, అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32 లోపల లాగ్‌ఫైల్స్‌లో రాసుకుంటుంది. గంటలో వందల డ్రాప్‌లు. పోర్ట్ 1900, పోర్ట్ 5353. సెమినార్ రోజుల్లో అయితే ‘అటాక్’ అని కేక పెట్టేవాణ్ణి. తీరా చూస్తే ఇంట్లో స్మార్ట్ టీవీ, ఫోన్లు ‘ఇక్కడ ఎవరైనా ఉన్నారా’ అని ఒకరినొకరు పిలుచుకోవడం. ఆ లాగ్‌లో అడ్రస్, పోర్ట్ ఉంటాయి కానీ ప్రోగ్రామ్ పేరు ఉండదు. అందుకే లాగ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, రిసోర్స్ మానిటర్‌తో కలిపి చూడాలి.

ఊరెళ్లినప్పుడు ఒక అరగంట

నేను చేసినవి వరసగా చెప్తాను. మీకూ పనికొస్తాయి.

ఒకటి, మూడు ప్రొఫైల్స్‌లోనూ ఫైర్‌వాల్ ఆన్. ఏదైనా పనిచేయకపోతే ఆపేయకుండా, ముందు ఆ ప్రోగ్రామ్ పేరుతో పాత బ్లాక్ రూల్ ఉందేమో ఇన్‌బౌండ్ లిస్ట్‌లో వెతకడం. పది కేసుల్లో చాలావాటికి మందు అక్కడే దొరుకుతుంది.

రెండు, ‘ఏదైనా, ఎక్కడినుంచైనా’ అని ఉన్న అలౌ రూల్స్‌ని ముందు డిసేబుల్ చేసి, వారం చూసి, ఎవరూ అడగకపోతే డిలీట్. అంతకుముందు మొత్తం పాలసీని ఒక ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవడం, ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడానికి.

మూడు, కొత్త రూల్ రాయక తప్పకపోతే పేరులోనే అన్నీ రాయడం: ఎవరు, ఎందుకు, ఏ తేదీ, ఎప్పుడు తీసేయాలి. రిమోట్ అడ్రస్ దగ్గర లోకల్ సబ్‌నెట్ అని ఇస్తే ఇల్లు దాటి ఎవరూ రాలేరు.

నాలుగు, ఎస్‌ఎమ్‌బీ వెర్షన్ 1 తీసేయడం, ‘ఎవ్రీవన్’ షేర్ తీసేయడం, ఫోన్ టెథరింగ్‌ని మీటర్డ్‌గా పెట్టడం.

అయిదు, లెక్కల కాపీ ఇంకో డిస్క్‌లో. రాసుకున్నాక ఆ డిస్క్ తీగ పీకేయాలి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది.

ఆరోది ఇంకా పెండింగ్. ఆ డెస్క్‌టాప్ విండోస్ 10 మీద ఉంది, దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్‌లో చేరిస్తే 2026 అక్టోబర్ 13 దాకా ప్యాచ్‌లు వస్తాయి. చేర్చాను. ఈలోగా విండోస్ 11కి మారడమో, మెషీన్ మార్చడమో తేల్చుకోవాలి. ప్యాచ్ ఆగిపోయిన మెషీన్‌కి ఫైర్‌వాల్ విలువ ఇంకా పెరుగుతుంది కానీ, అదొక్కటే ఎల్లకాలం కాపాడదు.

ఇదంతా చేసేటప్పుడు ఇంటర్ చదువుతున్న బాబాయ్ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. రూల్స్ లిస్ట్ ఎలా చూడాలి, ఎర్ర గుర్తు వస్తే ఏం చేయాలి, పాపప్ వస్తే ఏది చదవాలి అన్నీ తనకి చూపించాను. ‘టెంపరరీ’ రూల్‌ని తన చేతే డిలీట్ చేయించాను.

“అన్నయ్యా, ఇది ఎవరు పెట్టారు?” అంది.

నేనే అని చెప్పాను. ఇప్పుడు ఆ కంప్యూటర్ పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉంది. ఏ సెట్టింగ్ మార్చినా తేదీ, కారణం అందులో రాయాలి. మొదటి వరస నా పేరుతోనే మొదలైంది.